కుదుపులో నిలబడే విద్య

క్వారీ గేటు దగ్గర ఆటో ఆగడం, అందులోంచి అత్తగారు దిగడం. పోయినవారం అక్కడిదాకా వచ్చాం. కోడలు అప్పటికింకా ఆవిణ్ణి చూడలేదు. చూసే స్థితిలో లేదు. కంకరలో బోర్లా పడి ఉంది.

మధ్యలో వచ్చి కూర్చున్నవాళ్ళ కోసం నాలుగు ముక్కలు. కోడలికి ముప్పై ఎనిమిదేళ్ళు. పళ్ళ ల్యాబులో పని. డాక్టర్లు పంపే అచ్చుల్ని బట్టి కట్టుడు పళ్ళు చెక్కుతుంది. ఏడు ఆదివారాలుగా కంప్యూటరు క్లాసని చెప్పి ఇంట్లోంచి బయల్దేరి, ఊరి చివర మూతపడిన కంకర క్వారీలో బైకు నేర్చుకుంటోంది. తారు రోడ్డు మీద కాదు. రాళ్ళు, ఇసక, గుంటలు, ఏటవాలు గట్లు. నేర్పేది ఒకప్పుడు కొండదారుల పందేల్లో తిరిగిన మనిషి. ఏ బట్టలు కట్టుకున్నా అవి మట్టిరంగులోకే తిరుగుతాయి కాబట్టి అందరూ ఆయన్ని దుమ్ము మాస్టారంటారు.

బండి ఆమెది కాదు, మరిదిది. రెండేళ్ళ క్రితం కొండ మీద అంచు మట్టి జారి అతను బండితో సహా కిందికి పడ్డాడు. కాలు రెండుచోట్ల విరిగింది. లోపల రాడ్డు వేశారు. ఇప్పటికీ చేతికర్ర లేకుండా గడప దాటడు. "ఆ బండి ఊసు ఈ ఇంట్లో ఎత్తితే నేనుండను" అని అత్తగారు ఆనాడే తేల్చేసింది. బండి పెరటి షెడ్డులో టార్పాలిన్ కింద పడి ఉంది. రెండు నెలల క్రితం, అత్తగారు చెల్లెలింటికి వెళ్ళిన రోజు, మరిదే దాని తాళం చెవి తెచ్చి వదిన చేతిలో పెట్టాడు. ఎందుకో చెప్పలేదు. బండి క్వారీకి, మాస్టారి రేకుల షెడ్డులోకి చేరింది. భర్తకు సంగతంతా తెలుసు. ప్రింటింగ్ ప్రెస్సులో ఆదివారం డ్యూటీ వేయించుకుని, గోడ మీద పిల్లిలా ఊరుకున్నాడు.

ఈ పొద్దున అత్తగారు పాత బకెట్టు కోసం షెడ్డులోకి వెళ్ళి టార్పాలిన్ ఎత్తింది. కింద రెండు కుర్చీలు, వాటి మీద చెడిపోయిన కుట్టుమిషను, దాని మీద ఒక తలగడ.

ఇక కంకర దగ్గరికి వద్దాం.

ఆ రోజు పడటం ఆమెకు మూడోసారి. క్వారీ మధ్యలో ఒకప్పుడు నీళ్ళు పారిన కాలవ ఉంది. ఎనభై అడుగుల పొడవున గులకరాయీ కంకరా కలిసి పోగుపడ్డాయి. కాలు పెడితే చీలమండదాకా దిగుతుంది. అందులో, ఫుట్‌రెస్టుల మీద నిలబడి, కాలు నేలకి ఆన్చకుండా ఆ చివరిదాకా పోయి తిరిగి రావాలి. అలా వచ్చినవాళ్ళనే మూడు వారాల తర్వాత జరిగే కొండ ప్రయాణానికి తీసుకెళ్తానని మాస్టారు ముందే చెప్పాడు. రెండు రోజుల దారి. పేర్లు రాయడానికి ఇదే ఆఖరి ఆదివారం. తర్వాత వానలు మొదలైతే ఆ దారి మూసేస్తారు.

ఆమెతోపాటు నేర్చుకుంటున్న బేకరీ ఆయన పొద్దున్నే గట్టెక్కేశాడు. నూట పది కిలోల మనిషి. ఏడు వారాల్లో ఆయన పడనిచోటు ఆ క్వారీలో లేదు. ఇప్పుడు బండరాయి మీద కూర్చుని, "లేవండమ్మా, నేల ఎక్కడికీ పోదు, తీరిగ్గా లేవండి" అంటున్నాడు.

ఎవరి బండి వాళ్ళే లేపుకోవాలన్నది అక్కడి నియమం. ఆమె ఇంజను ఆపింది. పడిన బండికి వీపు తిప్పి, మోకాళ్ళు వంచి, నడుము సీటుకి ఆనించింది. ఒక చేత్తో హ్యాండిలు, రెండో చేత్తో వెనక కమ్మీ పట్టుకుంది. చేతులతో లాగలేదు. కాళ్ళతో తోస్తూ, అడుగులో అడుగు వేస్తూ వెనక్కి నడిచింది. నూట అరవై కిలోల బండి మూలుగుతున్నట్టుగా లేచి నిలబడింది. స్టాండు వేసి, హెల్మెట్ అద్దం పైకెత్తి, అప్పుడు చూసింది.

పది అడుగుల దూరంలో అత్తగారు. చేతిలో గొడుగు, భుజానికి సంచి. ముఖంలో ఏమీ లేదు. కోపం ఉన్నా బాగుండేదనిపించింది కోడలికి.

"కంప్యూటరు క్లాసు బాగా సాగుతున్నట్టుంది" అంది అత్తగారు.

"అత్తయ్యా..."

"కుర్చీలు పేర్చింది ఎవరు?"

"నేనే."

"తలగడ కూడా నువ్వేనా?"

"సీటు ఎత్తు సరిపోలేదని పెట్టానండి."

బేకరీ ఆయన నవ్వు ఆపుకోలేక దగ్గు నటించాడు. అత్తగారు అటు చూసింది. దగ్గు ఆగిపోయింది.

"పెద్దోడికి ప్రెస్సుకి ఫోన్ చేశాను. మూడో ప్రశ్నకే అంతా కక్కేశాడు" అంది ఆవిడ. "నువ్వూ వాడూ సరే. చిన్నోడు కూడానా? ఆసుపత్రిలో నలభై ఒక్క రోజులు వాడి మంచం పక్కన కూచున్నాను. వాడు నిద్దట్లో మూలిగితే లేచి కూచునేదాన్ని. ఆ బండే ఇది. దీని మీద నువ్వు."

కోడలు హెల్మెట్ తీసింది. జుట్టు నుదుటికి అతుక్కుపోయి ఉంది. గడ్డం మీద మట్టి. ఏదో ఒకటి చెప్పి గండం గడుపుకుందామని ఒక్క క్షణం అనిపించింది. ఏడు వారాలుగా చేస్తున్నది అదే కదా. నోరు తెరిచాక మాత్రం నిజమే వచ్చింది.

"పదమూడేళ్ళుగా పళ్ళు చెక్కుతున్నాను అత్తయ్యా. రోజంతా నా చూపు జానెడు దూరం దాటదు. గోరంత పన్ను, దాని మీద వెంట్రుకంత గీత. తలెత్తితే ఎదురుగా గోడ. ఇంటికొచ్చినా కళ్ళు అలాగే ఉండిపోతున్నాయి. మొదటి ఆదివారం ఇక్కడ నాలుగుసార్లు పడ్డాను. ఒళ్ళు హూనమైపోయింది. కానీ సాయంత్రం ల్యాబు గుర్తుకురాలేదు. ఆ చివర గట్టు ఉందే, అక్కడికి చూడమంటారు మాస్టారు. చక్రం వంక చూడొద్దు, పోవాల్సిన చోటు చూడు అంటారు. అంత దూరం చూసి ఎన్నేళ్ళయిందో."

అత్తగారు ఆ గట్టు వంక చూసింది.

"మీకు చెప్తే వద్దంటారని అబద్ధం చెప్పాను. అది తప్పే. మీరేమన్నా పడతాను. కానీ ఇది తప్పు కాదు."

మాస్టారు ఇంతలో దగ్గరికొచ్చాడు. "అమ్మగారూ, ఇక్కడ నేర్పేదే పడకుండా ఎలా..."

"మీరుండండి" అంది అత్తగారు. కోడలి వంక తిరిగి, గొడుగు ముడిచి, "ఎక్కు" అంది.

"అండీ?"

"ఎక్కి నడుపు. ఏం నేర్చుకున్నావో చూస్తాను. చూశాక ఇంటికి పోయి మాట్లాడుకుందాం."

పరీక్షా కాదు, అనుమతీ కాదు. ఇదే ఆఖరుసారి అన్నట్టుంది ఆ గొంతు. కోడలు హెల్మెట్ పెట్టుకుంది. హ్యాండిలుని ఎప్పటికన్నా గట్టిగా బిగించి పట్టుకుంది. నిలబడింది. కంకరలోకి దిగగానే ముందు చక్రం పాములా ఊగింది. ఊగుతున్న చక్రాన్ని చేతులతో ఆపబోయింది. ఇరవై అడుగులు పోకముందే బండి ఎడమకి ఒరిగింది. నాలుగోసారి.

ఈసారి లేవడానికి కాస్త సమయం పట్టింది. లేచేసరికి అత్తగారు కంకర అంచుకి వచ్చి నిలబడి ఉంది. చెప్పుల్లో రాళ్ళు దూరుతున్నా పట్టించుకోవడం లేదు. ముఖం మారింది. ఇంట్లో ఎవరైనా కూర సరిగ్గా తరగనప్పుడు పెట్టే ముఖం అది.

"ఆ మోకాళ్ళేమిటి, కర్రలు పాతినట్టు?"

"ఏడు వారాలుగా అదే చెప్తున్నానండీ" అన్నాడు మాస్టారు. "చేతులు వదులు, చేతులు వదులు అని."

"మీరు చేతుల గురించి చెప్తున్నారు. చేతులు వదలడం చేతుల్లో ఉండదండి. కాళ్ళకి నమ్మకం కుదిరితే అవే వదులుతాయి. కాళ్ళు బిగదీసుకున్న మనిషిని చేతులు వదలమంటే ఎక్కడ వదులుతుంది?"

మాస్టారు ఆవిడ వంక కొత్తగా చూశాడు. "మీరెప్పుడైనా బండి నడిపారా అమ్మగారూ?"

"నేనా? సైకిలు కూడా ఎక్కలేదు. బస్సు కండక్టర్ని. ముప్పై ఒక్క ఏళ్ళు. అందులో పంతొమ్మిది కొండ రూటే."

అది చెప్పేటప్పుడు ఆవిడ నడుము తనకు తెలియకుండానే నిటారైంది. కోడలికి ఆ ఉద్యోగం సంగతి తెలియక కాదు. పెళ్ళయి వచ్చేసరికే ఆవిడ రిటైరయింది. గోడ మీద యూనిఫాంలో ఉన్న ఫొటో ఒకటుంటుంది, దుమ్ము దులిపేటప్పుడు చూసేది. ఆ ఫొటోలో మనిషి ఈవిడేనని ఎప్పుడూ అనిపించలేదు.

"ఒక చేతిలో టిక్కెట్ల మిషను, ఇంకో చేతిలో సంచి. కమ్మీ పట్టుకోవడానికి మూడో చెయ్యి ఎవరిచ్చారు? కొత్తగా వచ్చిన పిల్లలు కాళ్ళ వంక చూసుకుంటూ నడిచేవాళ్ళు. మొదటి మలుపులోనే ఎవరో ఒకరి ఒళ్ళో కూచునేవాళ్ళు. నేను డ్రైవరు దగ్గర నిలబడి ఆఖరి సీటు వంక చూస్తూ నడిచేదాన్ని." ఆవిడ చుట్టూ చూసింది. రేకుల షెడ్డు పక్కన మాస్టారి పాత పికప్ వ్యాను ఉంది. వెనక తెరిచిన తొట్టి. "అది నడుస్తుందా?"

"నడుస్తుందండి."

"అయితే తియ్యండి. అమ్మాయ్, ఆ ఇనపటోపీ అలాగే ఉంచుకుని ఎక్కు."

బేకరీ ఆయన పరుగున వెళ్ళి బోల్తా వేసిన డబ్బా ఒకటి మెట్టుగా వేశాడు. అరవై మూడేళ్ళ మనిషి చీర కుచ్చెళ్ళు ఒకచేత్తో పట్టుకుని పికప్ తొట్టిలోకి ఎక్కింది. కోడలు ఎదురుగా నిలబడింది. మాస్టారు మనిషి నడిచేంత వేగంతో బండిని గుంటల్లోకి దించాడు. మొదటి గుంటకే కోడలు పక్కనున్న ఇనపచట్రాన్ని రెండు చేతులా వాటేసుకుంది. అత్తగారు ఎక్కడా ఏమీ పట్టుకోలేదు. పాదాలు కాస్త ఎడంగా, ఒకటి ముందు ఒకటి వెనక. తొట్టి ఎటు ఒరిగితే ఆవిడ నడుము కింది భాగం అటు ఒరిగింది. తల మాత్రం దారం కట్టి వేలాడదీసినట్టు కదలకుండా ఉంది.

సంచిలోంచి ఫ్లాస్కు తీసి, గ్లాసు తీసి, రెండూ కోడలి చేతుల్లో పెట్టింది.

"టీ పొయ్యి."

"ఇప్పుడా?"

"ఇప్పుడే. రెండు చేతులూ కావాలి కదా. అందుకే."

మొదటిసారి టీ మాస్టారి స్పేరు టైరు మీద పడింది. రెండోసారి అత్తగారి చీర మీద. ఆవిడ దులుపుకోలేదు. "బస్సు నిన్ను పడెయ్యదమ్మాయ్. నువ్వు బస్సుని ఆపుదామని చూస్తావే, అప్పుడు పడతావు. అది పోయేచోటికి దాన్ని పోనియ్యి. మోకాలు మడుచు. ఇంకొంచెం. బొటనవేలి దగ్గర కాదు, పాదం మధ్యలో బరువు. ఊపిరి వదులు తల్లీ, అదేం అద్దెకి తెచ్చింది కాదు."

ఆ చివరి మాటకు కోడలికి నవ్వొచ్చింది. నవ్వినప్పుడు ఒళ్ళు వదులైంది. పికప్ ఒక రాయెక్కి దభీమని దిగింది. దిగాక చూసుకుంటే చేతిలో గ్లాసు సగందాకా నిండి ఉంది. ఎప్పుడు పోసిందో ఆమెకే తెలియలేదు.

అత్తగారు ఆ గ్లాసు తీసుకుని, పోతున్న బండిలో నిలబడే, తాపీగా తాగింది. "చక్కెర తక్కువైంది" అంది. పొద్దున్న కలిపింది ఆవిడే.

కోడలు మళ్ళీ బండెక్కినప్పుడు ఎండ నడినెత్తికి రాబోతోంది. మాస్టారు టైర్లలో గాలి ఇంకొంచెం తగ్గించాడు. మెత్తబడితే చక్రం రాళ్ళ మీద పరుచుకుంటుంది, జారదు. ఆ తర్వాత ఆయన చెప్పడానికేం మిగల్లేదు, పక్కకి తప్పుకున్నాడు.

ఆమె నిలబడింది. మోకాళ్ళు మడిచింది. కంకరలోకి దిగగానే ముందు చక్రం ఊగింది, ఎప్పటిలాగే. ఆమె ఊగనిచ్చింది. కింద బండి తన మానాన తాను అటూ ఇటూ వెతుక్కుంటోంది. తొడల మధ్య ట్యాంకు కదులుతోంది. ముప్పై అడుగులు. చూపు కిందికి లాగుతోంది. ఇన్నేళ్ళ అలవాటు ఒక్క పూటలో పోదు. అయినా గడ్డం పైకెత్తి గట్టు వంక చూసింది. గట్టు మీద ఎండిన గడ్డి, దాని వెనక ఆకాశం. భయమేసినప్పుడు మామూలుగా యాక్సిలరేటరు వదిలేసేది. ఈసారి వదల్లేదు, ఇంకొంచెం ఇచ్చింది. చక్రం తేలికైంది. యాభై అడుగులు. డెబ్భై. గట్టు దగ్గర గట్టినేల తగిలి బండి ఒక్క కుదుపు కుదిపింది. ఆ కుదుపు ఆమె మోకాళ్ళు దాటి పైకి రాలేదు.

తిరిగి రావడం ఇంకా సగం పని. మలుపులో వెనక చక్రం జారింది. ఎడమ కాలు నేల కోసం వెతుక్కుంటూ లేచింది. లేచిన కాలిని ఆమె మళ్ళీ ఫుట్‌రెస్టు మీదికి తెచ్చి పెట్టింది. అంతే, మిగతాది ఎలా వచ్చిందో తర్వాత ఎవరడిగినా చెప్పలేకపోయింది. ఇవతలి అంచు దాటి బండి ఆపాక, కూర్చోవాలన్న సంగతి కూడా మర్చిపోయి అలాగే నిలబడిపోయింది. బేకరీ ఆయన పరిగెత్తుకొచ్చి పట్టుకున్నాడు కాబట్టి సరిపోయింది, లేకపోతే ఆగిన బండి మీదనుంచే పడేది.

అత్తగారు చప్పట్లు కొట్టలేదు. దగ్గరికొచ్చి, కోడలి గడ్డం మీద ఎండిపోయిన మట్టిని కొంగుతో తుడిచింది.

"నాకు భయం పోయిందనుకోకు" అంది నెమ్మదిగా. "నువ్వు ఆ కొండకి పోయి వచ్చేదాకా నాకు ముద్ద దిగదు. అది నా బాధ, నేను పడతాను. కానీ అబద్ధం చెప్పి వెళ్ళొద్దు. ఎటు పోతున్నావో చెప్పి వెళ్ళు. మధ్యలో ఫోన్ చెయ్యి."

"చేస్తానత్తయ్యా." కోడలు ఆవిడ చెయ్యి పట్టుకుంది. టిక్కెట్లూ చిల్లరా తిప్పిన వేళ్ళ కొసలు ఇన్నేళ్ళయినా గరుకుగానే ఉన్నాయి.

మాస్టారు షెడ్డు తలుపు మీద అంటించిన కాగితం దగ్గరికి వెళ్ళి, పెన్సిలుతో ఆమె పేరు రాశాడు. అడ్డంగా, పెద్ద అక్షరాలతో.

సరిగ్గా అప్పుడే ఇంకో ఆటో గేటు దగ్గర ఆగింది.

మరిది దిగాడు. అమ్మ కోపంగా వెళ్ళిందని అన్న ఫోన్ చేస్తే ఆదరాబాదరాగా వచ్చినట్టున్నాడు, చొక్కా గుండీలు ఒకదానికొకటి తప్పి ఉన్నాయి. ఆ తొందరలో కర్ర ఆటోలోనే మర్చిపోయాడు. గేటు దగ్గర్నుంచి షెడ్డుదాకా, ఎగుడుదిగుడు రాళ్ళ మీద, పెద్ద పెద్ద అంగలతో నడిచి వచ్చాడు.

ముందు గమనించింది తల్లే.

"నీ కర్రేదిరా?"

అతను ఆగిపోయాడు. చేతుల వంక చూసుకున్నాడు. తర్వాత కాళ్ళ వంక. ఇంక దాచి లాభం లేదని అతనికి అర్థమైంది.

"డాక్టరు మూడు నెలల క్రితమే కర్ర అక్కర్లేదన్నాడమ్మా."

"మరి?"

"కాలు బాగైందంటే, మరి బండి ఎక్కవేంరా అని అడుగుతారని." తప్పిన గుండీని సరిచేసుకోబోయాడు. "మీరెవరూ అడగరు, నాకు తెలుసు. నన్ను నేనే అడగాలి. కాలు నొప్పంటే ఎవరూ ఏమనరు. భయమంటే ఏం చెప్పను? అందుకే బండి వదినకిచ్చాను. అది పడుతుందా, పడితే మనిషి లేస్తుందా, ఇంకొకళ్ళు చేస్తే చూడాలనిపించింది. ప్రతి ఆదివారం సాయంత్రం వదిన వచ్చి ఎన్నిసార్లు పడిందో చెప్పేది. నేను లెక్క రాసుకునేవాణ్ణి. నలభై మూడు."

"నలభై ఏడు" అంది వదిన. "ఇవాళ్టివి నాలుగు కలుపు."

అతను నవ్వబోయాడు, నవ్వు సరిగ్గా రాలేదు. చూపు తలుపు మీది కాగితం వైపు పోయింది. ఆ దారి పేరు అందులో పైనే రాసి ఉంది. అతను పడింది ఆ దారిలోనే.

"వదినా, వస్తూ దూరం నుంచే ఆటోలోంచి చూశాను, నువ్వు మలుపు తిరిగేటప్పుడు. కాలు పైకి లేచింది, మళ్ళీ పెట్టేశావు. అది చూశాక..." కాగితం వైపు వేలు చూపించాడు. "నాకు ఆ దారిన పోవాలనుంది. ఆ చోటు దాటి ఒక్కసారి అవతలికి పోయి రావాలి. వానలు వస్తే మళ్ళీ ఏడాదిదాకా తెరవరు. ఏడాది ఆగితే నేను మళ్ళీ కర్ర పట్టుకుంటానేమోనని భయంగా ఉంది."

బేకరీ ఆయన తల వంచుకుని తన బూట్లు చూసుకుంటున్నాడు. మాస్టారు పెన్సిలు చెవి మీద పెట్టుకుని నిట్టూర్చాడు.

"పేరుకేముంది నాయనా, ఇంకోటి రాస్తాను. నువ్వు నా దగ్గర నేర్చుకున్నవాడివే. రెండు ఆదివారాలు వచ్చి చెయ్యి తిప్పుకుంటే చాలు. కానీ బండి ఒక్కటే. అద్దెవన్నీ అయిపోయాయి. మీ ఇద్దర్లో ఎవరో ఒకరే."

కోడలు బండి మీద చెయ్యి వేసి నిలబడి ఉంది. ఇంజను వేడి ఇంకా అరచేతికి తగులుతోంది. బండి అతనిది. ఇచ్చినవాడూ అతనే. ఏం అనాలో ఆమెకు తెలుసు. కానీ చెయ్యి బండి మీదనుంచి తీయలేదు. జీవితంలో మొదటిసారి తనకంటూ ఒకటి దొరికి పావుగంటయినా కాలేదు. అతను ఆమె ముఖం చూసి వెంటనే, "వద్దులే వదినా, ఊరికే అన్నాను" అన్నాడు. కర్ర లేనిదే నిలబడలేనట్టుంది ఆ మాట.

"తాళం తీసుకో" అంది ఆమె.

"ఉండండి ఇద్దరూ" అంది అత్తగారు.

ఆవిడ గొడుగు తెరిచి భుజం మీద వేసుకుంది. కొడుకు వంక ఒకసారి, కోడలి వంక ఒకసారి చూసింది. ఏదో చాలా కాలంగా మోస్తున్నది దించుకోవాలా వద్దా అని తూచుకుంటున్నట్టుంది ఆ చూపు.

"బండి ఒక్కటేనని ఎవరన్నారు?"

అందరూ ఒకేసారి ఆవిడ వైపు తిరిగారు. ఆవిడ అప్పటికే రాళ్ళ మీద నడుచుకుంటూ గేటు దగ్గర ఆగి ఉన్న ఆటో వైపు వెళుతోంది. ఎక్కి కూర్చుని, డ్రైవరుకి ఒక చిరునామా చెప్పింది. ఆ వీధి పేరు కొడుకు గానీ కోడలు గానీ ఇంతవరకు ఆవిడ నోట వినలేదు.

"చూస్తూ నిలబడతారేం, రండి" అంది లోపల్నుంచి. "ఆ రెండో బండి గలవాడు ఇంటి దగ్గర ఉండగానే పోవాలి."